ఆడ్రీ హెప్‌బర్న్ నిజంగా సేవ చేశారా, ఫొటోలకు నిలబడ్డారా?

అమలాపురం దగ్గర ఒక ఊరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళ అమ్మాయి బడిలో 'నాకు నచ్చిన మహిళ' అనే ప్రసంగానికి హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్‌ను ఎంచుకుందట. ఇంట్లో పెద్దవాళ్ళు "సినిమా యాక్టరు గురించి ఏమిటమ్మా, మన డొక్కా సీతమ్మ గారు లేరా" అంటున్నారట. "ఆవిడ నిజంగా పిల్లల కోసం పని చేసిందా, పేరున్నవాళ్ళలా ఫొటోలకు నిలబడిందా? పాపకు ఏం చెప్పమంటారు?" అని అడిగారు. ఆడ్రీ, ఇంకో హాలీవుడ్ నటి కేథరిన్ హెప్‌బర్న్ అక్కచెల్లెళ్ళా అని చివర్లో ఇంకో చిన్న ప్రశ్న.

ముందే సూటిగా చెప్పేస్తానండి. ఆమె నిజంగా పని చేశారు. ఫొటోలకూ నిలబడ్డారు, ఎందుకంటే ఆమెకు అప్పగించిన పనే అది. కెమెరాలు ఎటూ ఆమె వెంటే వస్తాయి కాబట్టి, వాటిని ఎవరూ చూడని పిల్లల దగ్గరికి తీసుకెళ్ళడం. పాపను ధైర్యంగా మాట్లాడమనండి. అయితే ఇంటర్నెట్‌లో ఆమె గురించి తిరిగే మాటల్లో కొన్ని తప్పులున్నాయి, వాటి గురించి కూడా కింద రాస్తాను.

నాకు సినిమా రంగంతో సంబంధం లేదు. అంగన్‌వాడీలను నడిపే ప్రభుత్వ పథకం ఐసీడీఎస్‌లో సూపర్‌వైజర్‌గా ముప్ఫయ్యేళ్ళకు పైగా పని చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ముమ్మిడివరం, కాట్రేనికోన, ఐ.పోలవరం వైపే. అంగన్‌వాడీల్లో పిల్లల్ని తూకం వేయించడం, రిజిస్టర్లు చూడటం, తిండి చాలని పిల్లల్ని గుర్తించి ఆసుపత్రికి పంపడం నా ఉద్యోగం. ఆడ్రీ హెప్‌బర్న్ పేరు నేను మొదట విన్నది సినిమా హాల్లో కాదు, ఒక ట్రైనింగ్ క్లాసులో. పోషకాహార లోపం గురించి చెబుతూ మాకు పాఠం చెప్పిన మేడమ్ ఒక ఫొటో చూపించారు. ఇథియోపియాలో ఒక సన్నటి పెద్దావిడ ఎముకల గూడులా ఉన్న పిల్లను ఎత్తుకుని ఉన్నారు. "ఈ ఫొటోలో ఇద్దరికీ ఆకలి తెలుసు. పదిహేనేళ్ళ వయసులో ఈవిడ కాళ్ళకూ నీరు పట్టింది" అన్నారు ఆ మేడమ్. హాలీవుడ్ నటికి కాళ్ళు ఉబ్బడమేమిటని నేను నమ్మలేదు. తర్వాత దొరికినదల్లా చదివాను. సినిమాలు చూసింది ఆ తర్వాతే.

ఆమె 1929 మే 4న బెల్జియంలో, బ్రస్సెల్స్ నగరంలో పుట్టారు. తల్లి ఎల్లా వాన్ హేమ్‌స్ట్రా నెదర్లాండ్స్‌కు చెందిన బారనెస్, అంటే మన లెక్కలో జమీందారీ ఇంటి ఆడపడుచు. తాత ఒకప్పుడు ఆర్నెమ్ పట్టణానికి మేయరు. తండ్రి బ్రిటిష్ పౌరుడు. ఆమెకు ఆరేళ్ళప్పుడు, 1935లో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తన జీవితంలో అంతకంటే పెద్ద దెబ్బ లేదని ఆమె తర్వాత చెప్పుకున్నారు. కొన్నాళ్ళు ఇంగ్లండులో చదివారు. 1939లో యుద్ధం మొదలవగానే తల్లి ఆమెను నెదర్లాండ్స్‌కు తీసుకెళ్ళిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశం తటస్థంగా ఉంది కదా, ఈసారీ అలాగే ఉంటుందని ఆమె నమ్మకం. 1940 మే 10న జర్మనీ సైన్యం ఆ దేశంలోకి దిగింది. అమ్మాయికి పదకొండేళ్ళు నిండి వారం కూడా కాలేదు.

ఇంగ్లిషు పేరు ప్రమాదమని తల్లి ఆమెను ఎడ్డా వాన్ హేమ్‌స్ట్రా అని పిలిచింది. తల్లి తోబుట్టువు భర్త అయిన ఒట్టో అనే బంధువును 1942 ఆగస్టులో నాజీలు కాల్చి చంపారు. ఆయన చేసిన నేరం ఏమీ లేదు. ఎక్కడో ఎవరో ప్రతిఘటించారని బందీగా పట్టుకున్నవాళ్ళను చంపారు. ఒక అన్నను బెర్లిన్‌కు కూలి పనికి పట్టుకుపోయారు. ఆ రోజుల్లో ఆమె డాన్స్ నేర్చుకుంటున్నారు. కిటికీలన్నీ మూసి, నల్ల గుడ్డలు కట్టిన గదుల్లో రహస్యంగా ప్రదర్శనలు ఇచ్చేవారు. వచ్చిన డబ్బు నాజీలకు ఎదురుతిరిగినవాళ్ళకు వెళ్ళేది. బయటికి శబ్దం పోకూడదు కాబట్టి ఆట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. ఆ చప్పుడు చేయని జనమే తనకు దొరికిన మేలైన ప్రేక్షకులని ఆమె పెద్దయ్యాక గుర్తు చేసుకున్నారు.

ఇక్కడి నుంచి నా రంగంలోకి వస్తున్నాను, కాస్త వివరంగా చెబుతాను. 1944 సెప్టెంబరులో డచ్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. దానికి ప్రతీకారంగా జర్మన్లు పశ్చిమ నెదర్లాండ్స్‌కు తిండి గింజలు వెళ్ళకుండా ఆపేశారు. ఆ పైన చలి, గడ్డకట్టిన కాలువలు, బొగ్గు లేదు. దాన్ని డచ్ వాళ్ళు 'ఆకలి చలికాలం' అంటారు. సుమారు ఇరవై వేల మంది చనిపోయారు. ఆర్నెమ్ చుట్టుపక్కలైతే యుద్ధం సరిగ్గా ఇళ్ళ మీదే జరిగింది. ఆడ్రీ కుటుంబం పక్కనే ఉన్న వెల్ప్‌లో తాత గారింట్లో ఉంది. తులిప్ పూల దుంపలు తిన్నారు, వాటినే పిండి చేసి రొట్టెలు కాల్చుకున్నారు. ఆమెకు రక్తహీనత, పచ్చ కామెర్లు వచ్చాయి, కాళ్ళకు నీరు పట్టింది.

బారనెస్ ఇంట్లో పుట్టిన పిల్లకు తిండి లేకపోవడమేమిటని పాప ప్రసంగం వినే పిల్లలు అడగవచ్చు. దానికి జవాబు మన ప్రాంతంలోనే ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చినప్పుడు నేను ఆ తీరంలోనే పని చేస్తున్నాను. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారేసరికి కొబ్బరి తోటలు నేల మీద పడుకున్నాయి. ఎకరాల తోట ఉన్న రైతూ, ఆ తోటలో దింపు తీసే కూలీ ఒకే వరసలో అన్నం పొట్లం కోసం నిలబడటం నా కళ్ళతో చూశాను. డబ్బున్నా కొనడానికి ఏమీ లేదు. ఆకలి చలికాలంలో జరిగిందీ అదే.

కాళ్ళకు నీరు పట్టడం గురించి ఒక మాట. తిండి చాలని పిల్లలు రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు ఎండిపోతారు, తల్లికి వెంటనే తెలుస్తుంది. ఇంకొకరు ఉబ్బుతారు. ముఖం గుండ్రంగా, పాదాలు నిండుగా ఉంటాయి. "మా వాడు బొద్దుగా ఉన్నాడండి" అని తల్లే చెబుతుంది. పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడి, వెంటనే పూడదు. రెండు పాదాల్లోనూ అలా పడితే ఆ బిడ్డను ఆ రోజే ఆసుపత్రికి పంపాలి. ఒకసారి ఒక లంక ఊళ్ళో రెండున్నరేళ్ళ బాబును అలా పట్టుకున్నాను. తూకంలో బరువు సరిపోయింది, చార్టులో గీత బాగానే ఉంది. నీరు బరువు తూగుతుంది కదండీ. పాదం నొక్కి చూడకపోతే వాడు తప్పిపోయేవాడు. ఆడ్రీ హెప్‌బర్న్ ఒంట్లోకి వచ్చిన నీరు ఏమిటో నాకు ఆ బాబు పాదం వల్ల అర్థమైంది. ప్రాణం పోవడానికి ఎంతో దూరంలో లేని దశ అది.

1945 ఏప్రిల్ 16న వెల్ప్‌కు విముక్తి వచ్చింది. ఆమెకు పదహారో ఏడు నిండటానికి ఇంకా రెండున్నర వారాలుంది. తర్వాత సహాయం వచ్చింది, ఆహారం, దుప్పట్లు, మందులు. అవి పంపింది ఐక్యరాజ్య సమితి పునరావాస సంస్థ, పిల్లల కోసం పని చేసే సమితి సంస్థ యూనిసెఫ్ పుట్టకముందు ఆ పని చేసింది అదే. యూనిసెఫ్ 1946 డిసెంబరులో మొదలైంది. అన్నాళ్ళ ఆకలి తర్వాత డబ్బా పాలు ఒక్కసారిగా తిని జబ్బు పడ్డానని ఆమె చెప్పేవారు. ఇది నవ్వుకునే ముచ్చట కాదు. తుపాను తర్వాత ఒక పునరావాస కేంద్రంలో, అంతకు ముందు నుంచే బక్కచిక్కి ఉన్న మూడేళ్ళ పాపకు, మూడు రోజులుగా ఏమీ తినలేదని, జాలిపడి ఎవరో పులిహోర పొట్లం మొత్తం తినిపించారు. రాత్రంతా వాంతులు, విరేచనాలు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుక్క గుక్కగా పట్టాం, పొద్దున్నకు ఆసుపత్రికి చేర్చాం. బతికింది. ఆకలితో ఉన్న బిడ్డకు కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టాలి.

ఆ చలికాలం ఒంటి మీద వేసిన ముద్ర అంత తేలిగ్గా పోదు. ఆ సమయంలో కడుపులో ఉన్న డచ్ పిల్లలను డాక్టర్లు దశాబ్దాల పాటు గమనించారు. పెద్దయ్యాక వాళ్ళలో షుగర్ లాంటి జబ్బుల ముప్పు ఎక్కువగా కనిపించింది. గర్భిణీకి గుడ్డూ పాలూ ఇవ్వాలని మేం ఇల్లిల్లూ తిరిగి చెప్పేదానికి అలాంటి పరిశోధనలే ఆధారం. ఆడ్రీ విషయంలో పోయింది ఆమె కల. 1948లో లండన్ వెళ్ళి, మేరీ రాంబెర్ట్ అనే పేరున్న గురువు దగ్గర స్కాలర్‌షిప్ మీద బాలే అనే పాశ్చాత్య నృత్యం నేర్చుకున్నారు. పొడవు ఎక్కువ, యుద్ధకాలంలో శరీరం దెబ్బతింది, ఈ రెండూ కలిసి నువ్వు ప్రధాన నర్తకి స్థాయికి చేరలేవని రాంబెర్ట్ చెప్పేశారు. అప్పుడే ఆమె నటన వైపు తిరిగారు. ఒకరకంగా ఆకలే ఆమెను సినిమాల్లోకి పంపింది.

సినిమా జీవితం మీకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి తొందరగా చెబుతాను. లండన్ నాటకాల్లో గుంపులో డాన్సరుగా మొదలయ్యారు. 1951లో మాంటె కార్లోలో ఒక చిన్న సినిమా షూటింగులో ఉండగా ఫ్రెంచి రచయిత్రి కొలెట్ చూసి, తన కథ 'జీజీ' నాటకంలో నాయికగా ఈ పిల్లే కావాలన్నారు. అలా న్యూయార్క్ వెళ్ళారు. 'రోమన్ హాలిడే' 1953లో వచ్చింది, దానికి ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. 1954లో, ఆ ఆస్కార్ వచ్చిన కొద్ది రోజులకే 'ఓన్డీన్' నాటకానికి, నాటకరంగంలో ఇచ్చే టోనీ అవార్డు వచ్చింది. 'సబ్రీనా', 'ది నన్స్ స్టోరీ', 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్', 'వెయిట్ అంటిల్ డార్క్' సినిమాలకు మళ్ళీ ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. 'మై ఫెయిర్ లేడీ'లో పాటలు ఎక్కువ భాగం మార్నీ నిక్సన్ అనే గాయని పాడారు, ఆ సినిమాకు ఆమెకు నామినేషన్ రాలేదు. 1967 తర్వాత కొడుకులిద్దరినీ పెంచుకోవడానికి తొమ్మిదేళ్ళ దాకా సినిమాలకు దూరంగా ఉన్నారు. రెండు పెళ్ళిళ్ళు, రెండు విడాకులు, మధ్యలో గర్భస్రావాల బాధ. స్విట్జర్లాండ్‌లో తొలొషెనాజ్ అనే పల్లెటూళ్ళో తోటా కుక్కలూ ఉన్న ఇల్లు.

ఒక్క సంగతి మాత్రం ఆగి చెప్పాలి, పాప ప్రసంగానికి పనికొస్తుంది. 'రోమన్ హాలిడే' కోసం 1951లో లండన్ దగ్గర ఆమెకు స్క్రీన్ టెస్ట్ చేశారు. సీన్ అయ్యాక కట్ చెప్పినా కెమెరాను ఆపవద్దని ముందే ఏర్పాటు. అయిపోయిందనుకుని ఆమె లేచి కూర్చుని, నవ్వి, ఎలా చేశానని అడిగారు. ఆ ముక్క చూసే దర్శకుడు విలియం వైలర్ ఆమెను తీసుకున్నాడు. కెమెరా ఆగిందని అనుకున్నప్పుడు ఆ మనిషి ఎలా ఉందో ఆయనకు కావలసి వచ్చింది.

నేను కూడా సహాయానికి వచ్చినవాళ్ళను చూసేది అదే పరీక్షతో. తుపాను తర్వాత ఒక ప్రముఖుడు వస్తున్నారని పొద్దున్న ఎనిమిదికే పిల్లలను ఎండలో వరసగా నిలబెట్టమన్నారు. పాల ప్యాకెట్లు ఆయన చేతుల మీదుగానే ఇవ్వాలని ఆపి ఉంచారు. ఒంటిగంటకు కారు వచ్చింది. అప్పటికి సగం ప్యాకెట్లు విరిగిపోయాయి. ఒక బాబుకు ప్యాకెట్ ఇస్తూ ఫొటో తీయించుకుని, సరిగ్గా రాలేదని ఆ ప్యాకెట్ వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చారు. ఆ బాబు చేయి అలా గాల్లో ఉండిపోయింది. ఇన్నేళ్ళయినా అది తల్చుకుంటే నాకు కడుపు రగులుతుంది.

అదే వారంలో రంగస్థల నటి ఒకావిడ వచ్చారు. పేరు రాయను, ఆవిడకు ఇష్టం ఉండదు. మూడు రోజులు బడి వరండాలోనే పడుకున్నారు, ఆడపిల్లలకు తలలు దువ్వి పేలు తీశారు. ఆవిడను చూడటానికి టీవీ వాళ్ళు వస్తే, "నన్ను కాదండి, ఇది తీయండి" అని వాళ్ళను ఉప్పునీళ్ళు కలిసి, పశువుల కళేబరాలు తేలుతున్న మంచినీళ్ళ చెరువు దగ్గరకు నడిపించారు. మర్నాటికి నీళ్ళ ట్యాంకరూ బ్లీచింగ్ పౌడరూ వచ్చాయి. వారం రోజులుగా అదే చెరువు గురించి నేను కాగితాలు రాస్తూనే ఉన్నాను. ఆ రోజు నుంచి ఫొటోలను తప్పుబట్టడం మానేశాను. ఫొటోలో ఎవరున్నారు, ఫొటో తర్వాత ఏం వచ్చింది అని మాత్రమే చూస్తాను.

ఇప్పుడు ఆడ్రీని ఆ లెక్కన చూడండి. 1987లో మకావులో యూనిసెఫ్ కోసం జరిగిన ఒక సంగీత కచేరీలో మాట్లాడటంతో మొదలైంది. 1988లో యూనిసెఫ్‌కు గుడ్‌విల్ అంబాసిడర్, అంటే దాని తరఫున మాట్లాడే ప్రతినిధి అయ్యారు. ఆ పదవికి జీతం నామమాత్రంగా ఏడాదికి ఒక్క డాలరు. మొదటి ప్రయాణం 1988 మార్చిలో ఇథియోపియాకు, కరవు మధ్యలోకి. మెకెలె పట్టణంలో అయిదు వందల మంది పిల్లలున్న అనాథాశ్రమాన్ని చూసి అక్కడికి ఆహారం పంపించే ఏర్పాటు చేయించారు. తిరిగొచ్చి ఊరుకోలేదు, దేశదేశాల విలేకరుల ముందు కూర్చుని చూసింది చూసినట్టు చెప్పారు. తర్వాత టర్కీ, ఈక్వడార్, వెనెజ్వెలా, మధ్య అమెరికా దేశాలు, సూడాన్, బంగ్లాదేశ్, వియత్నాం, చివరగా 1992 సెప్టెంబరులో సోమాలియా. 1989లో అమెరికా కాంగ్రెస్‌లో ఆకలి సమస్యపై ఉన్న కమిటీ ముందు మాట్లాడారు. అరవై ఏళ్ళ వయసులో చేసిన పని ఇది.

టర్కీ నుంచి వచ్చాక ఆమె చెప్పిన సంగతి నాకు చాలా ఇష్టం. అక్కడ టీకాల కార్యక్రమానికి సైన్యం లారీలు ఇచ్చింది, చేపలమ్మేవాళ్ళు తమ బండ్లు ఇచ్చారు, తేదీ ఖాయం కాగానే పది రోజుల్లో దేశమంతా టీకాలు వేశారని ఎంతో సంబరంగా చెప్పారు. మన దగ్గర పల్స్ పోలియో 1995 డిసెంబరులో మొదలైనప్పుడు మేం లంకలకు ఎలా వెళ్ళామో నాకు గుర్తొస్తుంది. ఐసు గడ్డలు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని నాటు పడవలో కూర్చునేవాళ్ళం. పడవ నడిపే అతను చాలాసార్లు డబ్బులు తీసుకునేవాడు కాదు, "మా పిల్లలకే కదండీ" అనేవాడు. 2014 మార్చిలో భారతదేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించిన రోజు నేను మొదట తల్చుకున్నది ఆ పడవ మనిషినే. ఆడ్రీ కూడా అంతటి కార్యక్రమంలో లారీ ఎవరిచ్చారు, బండి ఎవరిచ్చారు అన్నది గమనించి చెప్పారు. పని తెలిసినవాళ్ళకే అది కనిపిస్తుంది.

బంగ్లాదేశ్‌కు 1989లో వెళ్ళారు. మనలాగే డెల్టా నేల, వరదలు, తుపాన్లు, వరి, చేపలు. మనం ఈరోజు విరేచనాలకు వాడే ఓఆర్ఎస్ ద్రావణాన్ని 1968లో ఢాకాలోని పరిశోధన కేంద్రంలోనే కలరా రోగుల మీద పరీక్షించి నిరూపించారు. ఆ ప్రయాణంలో వెంట ఉన్నది జాన్ ఐజక్ అనే ఐక్యరాజ్య సమితి ఫొటోగ్రాఫర్. పిల్లల ఒంటి మీద ఈగలు ముసురుతున్నా ఆమె సంకోచం లేకుండా వెళ్ళి దగ్గరికి తీసుకునేవారని, అలాంటిది తాను ఇంకెవరిలోనూ చూడలేదని ఆయన తర్వాత చెప్పారు. వేలకొద్దీ ప్రముఖుల ఫొటోలు తీసే మనిషి మాట అది. ఈగలు ముసిరిన పిల్లను ఎత్తుకోవడం అనుకున్నంత తేలిక కాదండి. కొత్తగా చేరిన అంగన్‌వాడీ టీచర్లు కొందరు మొదట్లో వెనకాడతారు, వాళ్ళను తప్పుబట్టను. నాకూ కొన్ని నెలలు పట్టింది.

సోమాలియా చూశాక ఆమె మాటలు మారిపోయాయి. విమానంలోంచి చూస్తే ఎర్రటి నేల, శిబిరాల చుట్టూ సముద్రం అడుగు ఇసుకలాగా అలలు అలలుగా ఉందని, అవన్నీ సమాధులని చెప్పారు. అక్కడి నుంచి వచ్చాక కడుపునొప్పి మొదలైంది. నవంబరులో లాస్ ఏంజెలెస్‌లో ఆపరేషన్ చేస్తే అపెండిక్స్ నుంచి పాకిన క్యాన్సర్ అని తేలింది. క్రిస్మస్‌కు స్విట్జర్లాండ్‌లోని ఇంటికి చేరారు. 1993 జనవరి 20న అక్కడే కన్నుమూశారు, అరవై మూడేళ్ళకే. అమెరికా అధ్యక్షుడు ఇచ్చే మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ 1992 డిసెంబరులో ప్రకటించారు. మానవ సేవకు ఆస్కార్ సంస్థ ఇచ్చే జీన్ హెర్షోల్ట్ అవార్డును ఆమె పోయాక పెద్ద కొడుకు షాన్ అందుకున్నారు.

ఇక పాప జాగ్రత్త పడవలసిన సంగతులు.

అందం గురించి ఆమె రాసినట్టు తిరిగే కవిత ఆమెది కాదు. మంచి మాటలు మాట్లాడితే పెదవులకు అందం వస్తుందన్న తీరులో ఉండే ఆ పంక్తులు శామ్ లెవెన్సన్ అనే అమెరికన్ రచయితవి. ఆమెకు ఇష్టమైనవి, కొడుకులకు చదివి వినిపించారు. 'ఆమెకు నచ్చిన కవిత' అని చెబితే చాలు.

యుద్ధంలో ఆమె గూఢచారి అన్నట్టు కొందరు పెంచి రాస్తారు, ఆ జోలికి వెళ్ళవద్దనండి. చప్పట్లు లేని ఆ డాన్సు ప్రదర్శనలు చాలు, అవే గొప్పవి. ఆమె తల్లిదండ్రులు యుద్ధానికి ముందు ఫాసిస్టు భావాల వైపు మొగ్గారన్నది కూడా నిజం. ఎవరైనా టీచరు అడిగితే దాచకుండా ఒప్పుకోమనండి. అమ్మానాన్నలు నమ్మినదానికి పదేళ్ళ పిల్ల ఏం చేస్తుంది? ఆ తండ్రిని ఏళ్ళ తర్వాత రెడ్ క్రాస్ ద్వారా డబ్లిన్‌లో వెతికి పట్టుకుని, ఆయన పోయేదాకా డబ్బు పంపారు.

ఆమె ఆసుపత్రులు కట్టించారని, వేలమందికి స్వయంగా వైద్యం చేశారని రాసుకుంటే కొట్టేయించండి. అన్నం పెట్టింది, టీకాలు వేసింది ఆయా దేశాల నర్సులు, డ్రైవర్లు, కార్యకర్తలు. ఆమె పని వాళ్ళను ప్రపంచానికి చూపించి, డబ్బూ పట్టుదలా వాళ్ళ వైపు మళ్ళేలా చేయడం. దాన్ని తక్కువ చేయక్కర్లేదు, ఎక్కువా చేయక్కర్లేదు.

ప్రసంగం ఎలా మొదలుపెట్టాలని పాప అడిగితే నా సలహా: పుట్టిన తేదీతో వద్దు. చప్పట్లు లేని ఆ గదితో మొదలుపెట్టమనండి. అన్నే ఫ్రాంక్ పేరు పిల్లలకు తెలిసే ఉంటుంది. ఇద్దరూ 1929లోనే, కొద్ది వారాల తేడాతో పుట్టారు, ఇద్దరూ నెదర్లాండ్స్‌లో నాజీల పాలన కింద పెరిగారు. అన్నే నాజీల శిబిరంలో చనిపోయింది, ఆడ్రీ బతికారు. అన్నే రాసిన డైరీ చదివి ఆడ్రీ తట్టుకోలేకపోయారు. అన్నే పాత్ర వేయమని సినిమావాళ్ళు అడిగితే వేయనన్నారు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత, 1990లో యూనిసెఫ్ కోసం నిధులు కూడగట్టే కచేరీల్లో అదే డైరీలోని భాగాలను వేదిక మీద చదివారు. తన కోసం చేయలేని పని పిల్లల కోసం చేయగలిగారు. ఆ పోలిక తొమ్మిదో తరగతి పిల్లలకు సులువుగా అందుతుంది.

డొక్కా సీతమ్మ గారి విషయం. ఇంట్లో పెద్దవాళ్ళ మాట కొట్టిపారేయకండి, వాళ్ళు చెప్పింది నిజం. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి లంకల గన్నవరంలో, గోదావరి దాటలేక చిక్కుబడిన బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టారు. గన్నవరం దగ్గర కాలువను నది మీదుగా దాటించే అక్విడక్టుకు ఆమె పేరే ఉంది. మన ప్రభుత్వ బళ్ళలో మధ్యాహ్న భోజన పథకానికి 2024 నుంచి ఆమె పేరే పెట్టారు. అయితే సీతమ్మ గారి పొయ్యి దగ్గరికి ఆకలిగొన్నవాళ్ళు నడిచి వచ్చారు. ఆడ్రీ, నడవలేని పిల్లలు ఉన్నచోటికి వెళ్ళి, పొయ్యి ఉన్నవాళ్ళను నిద్రలేపారు. ఒక ప్రసంగంలో ఇద్దరికీ చోటుంది. పాపకు ఇష్టమైతే చివర్లో రెండు నిమిషాలు సీతమ్మ గారికి ఇవ్వమనండి, తాతగారు ముందు వరసలో కూర్చుంటారు.

సినిమా ఒకటి చూపించాలనుకుంటే 'రోమన్ హాలిడే' చూపించండి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు.

కేథరిన్ హెప్‌బర్న్‌కూ ఆమెకూ చుట్టరికం లేదండి. కేథరిన్ అమెరికా ఆవిడ, 1907లో పుట్టారు, నటనకు నాలుగు ఆస్కార్లు గెలిచిన వేరే మహానటి. ఆడ్రీ తండ్రి అసలు ఇంటిపేరు రస్టన్, ఆయన హెప్‌బర్న్ అనే పేరును తర్వాత దానికి జోడించుకున్నాడు. పాపకు పలకడం కష్టమైతే 'ఆడ్రీ' అంటే చాలు.